జొరమొచ్చినోడి పాలు

బీచ్ రోడ్డు హోటల్లో ఏసీ చలికి
కొంగు రెండు భుజాలకీ కప్పుకొని కూర్చున్నాను.
తెర మీద మూడు మాటలు, మూడు రంగుల్లో:
సమత, నాయకత్వం, నవకల్పన.
వచ్చినాయన మైకు సరిచేసుకుంటున్నాడు.
అద్దం అవతల, డాల్ఫిన్ నోస్ కింద
సముద్రం నోరు మాత్రం కదుపుతోంది.
పదహారేళ్ళుగా దాని హోరు మీంచి పాఠం చెప్పేదాన్ని,
చప్పుడు తీసేసిన సముద్రాన్ని
చూడ్డం ఇదే మొదలు.

మా బడి పెదజాలారిపేటలో.
కొత్తగా బిగించిన స్మార్ట్ బోర్డుకి
ఉప్పుగాలి పట్టి, ఒక్క వానాకాలానికే చూపు పోయింది.
ప్యూను దాని మీద పాత చీర కప్పాడు.
పిల్లలు దాన్ని పెళ్ళికూతురంటారు.

పోయినేడు ఎనిమిదిలో ఉన్న సూరాడ నూకరత్నం
తొమ్మిది గంటల బెల్లుకి ఎప్పుడూ లేదు.
చీకటితో, మొదటి ఆటోకి తల్లితో హార్బరుకెళ్ళి
రొయ్యలు ఒలిచి పదింటికి వచ్చేది,
వేళ్ళు ఐసుకి నానిపోయి తెల్లగా.
నేను ఎర్రసిరాతో 'ఆలస్యం' అని రాసేదాన్ని.
గుండ్రంగా, అందంగా రాసేదాన్ని.

ఆ రోజు భాగస్వామ్యం లెక్క.
లాభాన్ని ఇద్దరికి మూడు, రెండు నిష్పత్తిలో పంచాలి.
"లెక్క తప్పు టీచర్" అంది.
పుస్తకంలోదే కదే?
"అయితే పుస్తకమే తప్పు.
పడవకి పాలు లేదు, వలకి పాలు లేదు.
జొరమొచ్చి తొంగున్నోడి పాలు ఎవులు తీసినారు?"
పనికి రానివాడికి పాలేమిటే?
"నిన్నటి వల ఆడూ లాగినాడు కదేటి.
రేపు మల్లా ఆడే లాగాల."
తరగతంతా నవ్వింది,
ఆ పిల్లని చూసి కాదు.

సుద్దముక్క తనే తీసుకుంది.
పడవకింత, ఇంజినుకింత, మనిషికింత.
అన్నీ కూడితే ఒకటి దాటిపోయింది.
ఇంటర్వెల్ బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.
"డీజిలు ముందే తీసీల!" అని
వెనక బల్ల మీంచి పోలేసు అరిచాడు.
జూన్ నుంచి వాడి గొంతు విన్నది అదే మొదటిసారి.

లెక్క తేలింది.
చేతులు దులుపుకొని బల్ల దగ్గరికి వెళ్తూ వెళ్తూ,
"మరి నాను వొచ్చీసరికి అయిపోయిన పాఠంలో
నా పాలు ఏదీ?"

ఆ రాత్రి చింతపండు పిసుకుతూ కూడా
జవాబు వెతుక్కున్నాను.

స్టాఫ్‌రూమ్‌లో నాలుగు రోజులు మాట్లాడుకున్నాం.
మాట్లాడుకోవడమంటే, పోట్లాటే.
"బెల్లు జరిపితే పైవాళ్ళకేం చెప్పను?" హెడ్‌మాస్టరు గారు.
"ఒకరికి సందిస్తే అందరూ పదింటికే." డ్రిల్లు మాస్టారు.
"పిల్లచేత పని చేయించడం ఆపించాలి గానీ" అంది
సోషల్ సుభాషిణి.
నిజమే. వెళ్ళి ఆ తల్లితో మాట్లాడింది కూడా.
ఆవిడ కుర్చీ తుడిచి వేసి, టీ ఇచ్చి,
బాకీల చిట్టా చూపించింది.
సుభాషిణి ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు.

చివరికి బెల్లు జరగలేదు.
లెక్కల పీరియడ్ జరిగింది.
పొద్దుటి గంట డ్రిల్లు మాస్టారే తీసుకున్నారు,
గొణుక్కుంటూ.

పెళ్ళికూతురి పక్కన మేకుకి
ఇప్పుడొక నోటుబుక్కు వేలాడుతోంది.
వచ్చినవాళ్ళు రానివాళ్ళ కోసం
తమకు అర్థమైనంత రాసి పెడతారు.
తప్పులుంటాయి. ఎర్రసిరా ముట్టుకోను.
వేట నిషేధం ఎత్తేశాక పడవెక్కిన పోలేసు
మళ్ళీ రాలేదు.
వాడి పేరు మీద పదకొండు పేజీలున్నాయి.
నూకరత్నం రాస్తూనే ఉంది.

మైకు మా బల్ల దాకా రాకముందే
భోజనాలన్నారు.
పళ్ళెంలో రొయ్యల వేపుడు.
ఒక్కదానికీ తోక లేదు, నరం లేదు.
ఎంత శుభ్రంగా ఒలిచారో.
ఎన్నింటికి మొదలుపెట్టారో.